పీడీ యాక్ట్: తీర్పులో ఓటమి, గడువులో గెలుపు

'పాత నేరస్థుడిపై పీడీ యాక్ట్, చర్లపల్లి జైలుకు తరలింపు.' హైదరాబాద్ పత్రికల సిటీ పేజీల్లో ఈ తరహా శీర్షికకు ఎప్పుడూ కరువు లేదు. కింద ఆరేడు వాక్యాలు ఉంటాయి: వయసు, ఊరు, ఏ స్టేషన్లో ఎన్ని కేసులు, కమిషనర్ ఉత్తర్వు. కొన్ని నెలల తర్వాత అదే ఉత్తర్వును కోర్టు కొట్టేస్తే ఆ కబురు చాలాసార్లు అదే పేజీకి చేరదు. దాంతో పీడీ యాక్ట్ (ప్రివెంటివ్ డిటెన్షన్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం) అంటే గట్టి నేరస్థులకు వేసే గట్టి శిక్ష అనే అభిప్రాయం నగరంలో పాతుకుపోయింది. చట్టం దృష్టిలో అది అసలు శిక్షే కాదు. శిక్ష వేయాలంటే విచారణ జరగాలి, సాక్షులు బోనెక్కాలి, నేరం రుజువు కావాలి. ముందస్తు నిర్బంధంలో ఇవేవీ ఉండవు. ఇకముందు ఏదో చేస్తాడన్న అంచనా మీద మనిషిని ఏడాది దాకా లోపల ఉంచవచ్చు.

ఇంత పెద్ద అధికారానికి చట్టం వేసిన ముఖ్యమైన ముడి ఒకటుంది. ఆ మనిషి చేష్టలు 'పబ్లిక్ ఆర్డర్'కు భంగం కలిగించేవై ఉండాలి. కోర్టుల్లో పేచీ అంతా ఈ రెండు మాటల దగ్గరే. మన పత్రికా భాష ఇక్కడ పెద్దగా సాయపడదు. 'లా అండ్ ఆర్డర్' అన్నా శాంతిభద్రతలే, 'పబ్లిక్ ఆర్డర్' అన్నా శాంతిభద్రతలే అని రాసుకుంటూ వచ్చాం. చట్టానికి మాత్రం అవి రెండు వేర్వేరు సంగతులు. మనిషి జైల్లో ఉండాలా, ఇంటికి వెళ్లాలా అన్నది ఆ తేడా మీదే తేలుతుంది. ఇక్కడ మొదటిదాన్ని శాంతిభద్రతలు అనీ, రెండోదాన్ని ప్రజాశాంతి అనీ అనుకుందాం.

ఈ తేడాను తేల్చిన కేసు సోషలిస్టు నేత రామ్ మనోహర్ లోహియాది. 1965లో ఆయనను బిహార్‌లో భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధించారు. ఉత్తర్వులో 'శాంతిభద్రతల' కోసం అని రాశారు, నిబంధనల్లో ఉన్నదేమో 'ప్రజాశాంతి'. ఈ ఒక్క మాట తేడా మీద సుప్రీంకోర్టు ఉత్తర్వును రద్దు చేసింది. జస్టిస్ హిదయతుల్లా ఆ సందర్భంలో చెప్పిన పోలిక ఇప్పటికీ ప్రతి పిటిషన్లో కనిపిస్తుంది: ఒకే కేంద్రం చుట్టూ మూడు వలయాలు. అన్నిటికంటే పెద్దది శాంతిభద్రతలు, దాని లోపల ప్రజాశాంతి, ఇంకా లోపల రాజ్య భద్రత. తాగి కొట్టుకునే ఇద్దరు పెద్ద వలయంలోనే ఉంటారు, లోపలి గీత దాటరు. వాళ్లను మామూలు చట్టంతో పట్టుకోవాలి. ఆ ఇద్దరూ వేర్వేరు మతాలవాళ్లయి, ఒకడు మతద్వేషం రెచ్చగొట్టబోతే, అప్పుడు లోపలి వలయం గురించి ఆలోచించాల్సి వస్తుంది. 1970లో బెంగాల్ నుంచి వచ్చిన మరో కేసులో ఆయనే దీన్ని ఇంకొంచెం విప్పారు. చేసిన పని స్వభావం ఒకటే కావచ్చు, దాని తాకిడి ఎంత దూరం పోయిందన్నదే లెక్క. ఒక మనిషికి జరిగిన నష్టం దగ్గర ఆగిందా, లేక ఊరి దైనందిన జీవితమే తారుమారయ్యేంతగా పాకిందా అని చూడాలి.

అరవై ఏళ్లుగా ఈ సూత్రం మారలేదు. లోహియా కేసు నుంచి అధికారులు ఒక పాఠం మాత్రం బాగా నేర్చుకున్నారు. అప్పటి నుంచి ఏ నిర్బంధ ఉత్తర్వూ 'ప్రజాశాంతి' అనే మాట రాయడం మరిచిపోలేదు.

తెలంగాణలో వాడుకలో ఉన్న పీడీ యాక్ట్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన 1వ నంబరు చట్టం. దొంగసారా వ్యాపారులు, బందిపోట్లు, మత్తుమందుల నేరస్థులు, గూండాలు, మనుషులను వ్యభిచారంలోకి దించేవాళ్లు, భూకబ్జాదారులు అని అందులో మొదట ఆరు రకాలవాళ్లున్నారు. ఉత్తర్వు ఇచ్చే అధికారం ప్రభుత్వానిది. దాన్ని జిల్లా మేజిస్ట్రేట్లకూ, నగరాల్లో పోలీస్ కమిషనర్లకూ అప్పగించవచ్చు. అంటే హైదరాబాద్ లాంటి చోట కేసు పెట్టే శాఖ, నిర్బంధం కోరే శాఖ, నిర్బంధించే అధికారి ఒకే గొడుగు కింద ఉంటారు. జిల్లాల్లో కనీసం ఫైలు పోలీసుల దగ్గర నుంచి కలెక్టర్ బల్ల మీదికి వెళ్తుంది.

చట్టంలో మరో మెలిక ఉంది. ప్రజాశాంతి అంటే ఏమిటో చెప్పే నిర్వచనానికి ఒక వివరణ తగిలించారు. ప్రజల్లో గానీ, వాళ్లలో ఒక వర్గంలో గానీ భయం, ఆందోళన, అభద్రతాభావం కలిగినా, కలిగే అవకాశం ఉన్నా ప్రజాశాంతికి భంగం కలిగినట్లే భావించాలట. వీధిలో ఒక దొంగతనం జరిగితే ఆ వీధికి భయం వేయకుండా ఉంటుందా? వివరణను అక్షరాలా పట్టుకుంటే చిన్నాచితకా నేరాలన్నీ లోపలి వలయంలోకి వచ్చిపడతాయి. పోలీసుల వాదనలో సగం బలం ఈ వాక్యానిదే.

నకిలీ విత్తనాల కేసు ఈ సంగతిని బాగా చూపిస్తుంది. రైతులకు నాసిరకం మిరప విత్తనాలు అమ్మాడన్న ఆరోపణ మీద ఒక వ్యాపారిని 'గూండా'గా చూపి నిర్బంధించారు. మామూలు చట్టంతో వెళ్తే ఆలస్యమవుతుంది, దారికి రాడు అని ఉత్తర్వులో రాశారు. 2017లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రైతు నష్టం చిన్నది కాదు, అయితే విత్తన చట్టం ఉంది, మోసం కేసు ఉంది. గూండా, ప్రజాశాంతి అనే మాటలను మంత్రంలా జపించినంత మాత్రాన నిర్బంధానికి సమర్థన దొరకదని చెప్పింది. ఆ మరుసటి ఏడాది, 2018లో, తెలంగాణ ప్రభుత్వం చట్టాన్నే సవరించింది. నకిలీ విత్తనాలు, పురుగుమందులు, ఎరువులు, ఆహార కల్తీ, దొంగ పత్రాలు, అటవీ నేరాలు, జూదం, లైంగిక నేరాలు, ఆయుధాలు, సైబర్ నేరాలు, వైట్ కాలర్ ఆర్థిక నేరాలు వగైరా జాబితాలో చేరాయి. విత్తనాల వ్యాపారిని గూండా అనాల్సిన ఇబ్బంది తీరిపోయింది. ప్రజాశాంతి షరతు మాత్రం కదలలేదు. జాబితాలో పేరుంటే సరిపోదు, ఆ మనిషి చేసిన పని తాకిడి సమాజం మీద పడిందని చూపించాల్సిందే. సవరణ తర్వాత కూడా ఉత్తర్వులు వరుసగా కోర్టుల్లో వీగిపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

ఒక నిర్బంధ ఉత్తర్వును దగ్గరగా చూస్తే అల్లిక ఎలా ఉంటుందో తెలుస్తుంది. మొదట నిర్బంధితుడి పాత చరిత్ర. ఫలానా ఏడాది ఫలానా స్టేషన్లో కేసు, నిందితుడికి బెయిలు, కేసు విచారణలో ఉంది. ఈ కేసులను కేవలం పూర్వాపరాల కోసం చెబుతున్నామనీ, వీటి మీద ఆధారపడటం లేదనీ ఒక వాక్యం. తర్వాత ఆధారపడిన కేసులు, సాధారణంగా ఇటీవలివి రెండో మూడో నాలుగో. ప్రతిదానికీ ఫిర్యాదుదారు ఎవరు, ఎన్ని తులాలు పోయాయి, ఎప్పుడు పట్టుబడ్డాడు, ఎప్పుడు బెయిలు వచ్చింది అనే వివరాలు. చివరి పేరాలో అసలు విషయం బయటపడుతుంది: బెయిలు మీద బయటికి వచ్చాడు, లేదా రాబోతున్నాడు, వస్తే మళ్లీ అదే పని చేస్తాడు, కాబట్టి నిర్బంధం తప్పనిసరి. గొలుసు దొంగతనం కేసుల్లో దీనికి ఇంకొకటి తోడవుతుంది. మెడలో పుస్తెలతాడుతో వీధిలోకి రావడానికి మహిళలు భయపడుతున్నారు అనే మాట. ఆ భయం నిజమే. అయితే అది కమిషనర్ మాటగా ఉత్తర్వులో ఉంటుంది. ఆ వీధి మహిళల మాటగా ఫైల్లో ఉండదు.

సవాలు చేసేవాళ్లకు దారులు రెండు. ఒకటి సారం మీద, అంటే ఈ పని ప్రజాశాంతి పరిధిలోకే రాదని. రెండోది పద్ధతి మీద. రాజ్యాంగం 22వ అధికరణం ముందస్తు నిర్బంధాన్ని అనుమతిస్తూనే కొన్ని రక్షణలు పెట్టింది. నిర్బంధానికి కారణాలు చెప్పాలి, విన్నపం చేసుకునే అవకాశం వీలైనంత త్వరగా ఇవ్వాలి, మూడు నెలలు దాటితే అడ్వైజరీ బోర్డు ఒప్పుకోవాలి. 1986 చట్టం వీటికి తేదీలు కట్టింది. కమిషనర్ ఉత్తర్వుకు 12 రోజుల్లో ప్రభుత్వ ఆమోదం, కారణాలు నిర్బంధితుడి చేతికి 5 రోజుల్లో, ఫైలు బోర్డు ముందుకు 3 వారాల్లో, బోర్డు నివేదిక 7 వారాల్లో, మొత్తం నిర్బంధం 12 నెలలు మించకూడదు. వీటిలో ఏది తప్పినా న్యాయవాది పట్టుకుంటాడు. విన్నపం మీద నిర్ణయం ఎందుకు ఆలస్యమైందో చెప్పలేకపోయినా ఉత్తర్వు నిలవదు.

భాష కూడా ఇందులో చిన్న విషయం కాదు. కారణాలను నిర్బంధితుడికి తెలిసిన భాషలో, అతను చదవగలిగిన లిపిలో ఇవ్వాలి. ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి, అధికారి నోటితో వివరించాడంటే సరిపోదని 1962లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, హిందీ వినిపించే నగరంలో ఈ నియమానికి ఉన్న బరువు వేరే చెప్పక్కర్లేదు. ఉర్దూ మాత్రమే చదవగలిగిన మనిషికి వందల పేజీల తెలుగు, ఇంగ్లీషు కట్ట దేనికీ పనికిరాదు; దాన్ని చదివి విన్నపం రాసుకోమనడం ఎగతాళి.

అడ్వైజరీ బోర్డు కాగితం మీద మంచి ఏర్పాటు. హైకోర్టు న్యాయమూర్తులుగా ఉన్నవాళ్లు, పనిచేసినవాళ్లు, లేదా అందుకు అర్హత ఉన్నవాళ్లు ముగ్గురు కూర్చుంటారు. నిర్బంధితుడికి అక్కడ న్యాయవాదిని పెట్టుకునే హక్కు లేదు. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ బోర్డు అనుమతి లేని నిర్బంధాన్ని మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించింది. బోర్డును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మేరకే వేయాలంది. పార్లమెంటు ఆమోదించిన ఆ సెక్షన్‌ను అమల్లోకి తెస్తూ నోటిఫికేషన్ ఇంతవరకు రాలేదు. ఎన్ని ప్రభుత్వాలు మారినా అందరూ ఏకాభిప్రాయంతో పక్కన పెట్టిన విషయాల్లో ఇదొకటి.

పద్ధతి మీద ఉన్న ఒక తలుపు మాత్రం 2023లో మూసుకుపోయింది. ఒకేసారి 12 నెలలకు ఉత్తర్వు ఇవ్వకూడదు, మూడేసి నెలలకు సమీక్షించాలి అని 2014లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను ఆధారం చేసుకుని అనేక పిటిషన్లు వచ్చాయి. కాకినాడ నుంచి వచ్చిన నాటుసారా కేసులో 2023 ఆగస్టున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. మూడు నెలల పరిమితి అధికారాన్ని అప్పగించే కాలానికే తప్ప నిర్బంధ కాలానికి కాదని చెప్పి నిర్బంధాన్ని సమర్థించింది. ఆ సారా తాగడానికి పనికిరాదని రసాయన పరీక్ష నివేదిక చెప్పింది. తాగిన ఊరంతా ప్రమాదంలో పడే సరుకు కాబట్టి అది ప్రజారోగ్యానికి సంబంధించిన విషయమైంది. ప్రతి పీడీ కేసూ కోర్టులో వీగిపోతుందనుకుంటే పొరపాటే. తాకిడి ఎంత దూరం పోయిందో చూపించే కాగితం ఫైల్లో ఉంటే కోర్టు ఉత్తర్వును నిలబెడుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల నుంచి వెళ్లిన ఉత్తర్వుల్లో సాధారణంగా లేనిది అలాంటి కాగితమే. స్టాక్ మార్కెట్లో పెట్టుబడి పేరుతో మోసం చేశాడని ఐదు కేసులున్న వ్యక్తిని 2020 సెప్టెంబరులో నిర్బంధించారు. అన్ని కేసుల్లోనూ అతనికి ముందస్తు బెయిలో, మామూలు బెయిలో వచ్చింది. ఐదుగురిని మోసం చేయడం శాంతిభద్రతల పరిధిలోని విషయమనీ, బెయిలు నచ్చకపోతే దాని రద్దు కోరాలనీ, అందుకు నిర్బంధం అడ్డదారి కాదనీ 2021 ఆగస్టులో సుప్రీంకోర్టులో జస్టిస్ నారిమన్ ధర్మాసనం చెప్పింది. ఉద్యోగాల పేరిట డబ్బు వసూలు చేసిన మరో కేసులో మొదటి నేరం నమోదైన దాదాపు ఏడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం దాన్ని రద్దు చేస్తూ లెక్క కూడా చెప్పింది: గత ఐదేళ్లలో ఈ చట్టం కింద వచ్చిన ఐదుకు పైగా ఉత్తర్వులను తామే కొట్టేశామనీ, ఒక్క ఏడాదిలో తెలంగాణ హైకోర్టు కనీసం పదింటిని రద్దు చేసిందనీ. పెండింగులో ఉన్న నిర్బంధాలన్నిటినీ ప్రభుత్వమే ఒకసారి తిరగేసి చూసుకోవాలని ఆదేశించింది.

మూడు నెలలు తిరగకుండానే, 2022 జూన్‌లో, గొలుసు దొంగతనాల మీద ఇచ్చిన ఇంకో ఉత్తర్వు సుప్రీంకోర్టులో వీగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ మీద ప్రయోగించిన పీడీ యాక్ట్‌ను నవంబరులో హైకోర్టు షరతులతో రద్దు చేసింది. నగరంలో అందరి నోళ్లలో నానిన కేసు అదే అయినా, ఈ చట్టం రోజువారీ భారం మోసేది పేరు లేనివాళ్లే. 2023 మార్చిలో హైదరాబాద్ కమిషనర్ ఇచ్చిన ఒక ఉత్తర్వును సెప్టెంబరు 4న రద్దు చేస్తూ సుప్రీంకోర్టులో జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా తెలంగాణలో ప్రబలిన 'హానికరమైన ధోరణి' గురించి ప్రత్యేకంగా రాశారు. దేశం ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ జరుపుకుంటుంటే కొందరు పోలీసు అధికారులు ప్రాథమిక స్వేచ్ఛలను పట్టించుకోవడం లేదన్నారు. ఆ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే, అదే నెలలో, రాచకొండ పోలీస్ కమిషనరేట్ నుంచి గొలుసు దొంగతనాల మీద మరో నిర్బంధ ఉత్తర్వు వెలువడింది. అది 2024 మార్చి 21న సుప్రీంకోర్టులో కొట్టుడుపోయింది. ఆ ప్రాంతపు మహిళల వాంగ్మూలాలేవీ తీసుకోకుండా ప్రజాశాంతికి భంగమని ఎలా తేల్చారని కోర్టు అడిగింది. అడ్వైజరీ బోర్డులు రబ్బరు ముద్ర కొట్టే పని మానాలని హెచ్చరించింది. శాంతిభద్రతలను అదుపు చేయలేకపోవడం నిర్బంధానికి సాకు కాకూడదనీ చెప్పింది.

ఇన్నిసార్లు చీవాట్లు తిన్న తర్వాత కూడా అదే కాగితం మళ్లీ ఎందుకు టైపవుతుంది? అధికారులకు చట్టం తెలియక కాదు. పోలీసుల వైపు కష్టం ఒకటుంది, దాన్ని తోసిపుచ్చలేం. గొలుసు లాగినవాడు పట్టుబడతాడు, కొన్ని వారాల్లో బెయిలు వస్తుంది, కేసు విచారణకు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది, ఈలోగా ఇంకో కాలనీలో ఇంకో మెడ. వీధిలో జనం అడిగేది స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌నే. బెయిలు రద్దుకు పిటిషన్ వేసి, వాదించి, ఒప్పించడం కంటే ఒక ఉత్తర్వుతో ఏడాది నిశ్చింతగా ఉండటం తేలిక.

అయినా అసలు కారణం తేదీల్లో ఉంది. పైన చెప్పిన నాలుగు కేసుల్లో, అంటే స్టాక్ మార్కెట్, ఉద్యోగాలు, 2023 మార్చి ఉత్తర్వు, రాచకొండ ఉత్తర్వు, కుటుంబాలు మొదట హైకోర్టులో ఓడిపోయాయి. నిర్బంధాన్ని కోర్టులో సవాలు చేసే హెబియస్ కార్పస్ పిటిషన్ల మీద సాధారణంగా ఉండే పేరు నిర్బంధితుడిది కాదు, భార్యదో తల్లిదో. మూసీ ఒడ్డున హైకోర్టులో ఓడి, న్యాయవాదిని వెతుక్కుని, మళ్లీ డబ్బు సమకూర్చుకుని ఢిల్లీకి వెళ్లాలి. ఉత్తర్వు తేదీకీ సుప్రీంకోర్టు తీర్పుకూ మధ్య గడిచిన కాలం చూడండి: మొదటి కేసులో పది నెలలు, రెండోదానిలో పదిన్నర, మూడోదానిలో ఐదు నెలల పైన, నాలుగోదానిలో ఆరు నెలల పైన. చట్టం ఇచ్చే గరిష్ఠ నిర్బంధమే పన్నెండు నెలలు. తీర్పు ఎంత ఘాటుగా ఉన్నా అప్పటికి ఉత్తర్వు తన పని చాలావరకు పూర్తిచేసుకుంటుంది. గడిచిన నెలలకు పరిహారం గురించి చట్టంలో ఊసు లేదు. సదుద్దేశంతో చేసిన చర్యకు అధికారి మీద దావా వేయడానికీ వీల్లేదు. ఢిల్లీ దాకా వెళ్లలేని కుటుంబానికి ఈ తీర్పులన్నీ ఉన్నా లేనట్లే. వాళ్లవాడు బోర్డు ముందు ఒక్కసారి నిలబడి, పన్నెండు నెలలూ పూర్తిచేసుకుని వస్తాడు.

హెబియస్ కార్పస్ పిటిషన్‌ను రోజుల్లో తేల్చాలనే గట్టి నియమం, బోర్డు ముందు న్యాయవాదికి అనుమతి, రద్దయిన ప్రతి ఉత్తర్వుకూ ఖర్చుల చెల్లింపు, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా లెక్క మారుతుంది. అరవై ఏళ్ల నాటి మూడు వలయాలను కొత్త తీర్పులో మరోసారి గీయడం వల్ల అది మారడం లేదు.

ఉత్తర్వు రద్దయి జైలు గేటు దాటిన మనిషికి ఇంట్లో మరో కాగితం ఎదురుచూస్తూ ఉంటుంది. నిర్బంధానికి మూలమైన దొంగతనం కేసులో సమన్లు. ఆ కేసు విచారణ ఈ నెలలన్నీ ఉన్నచోటే ఉంది. గొలుసు పోగొట్టుకున్న మహిళ సాక్ష్యం చెప్పడానికి ఇంకా పిలుపు రాలేదు.